నీడ దాగిన చోటు

పుష్యమాసపు ప్రాతఃకాలమున, దాళ్వా నారుమళ్ళపై మంచు ఇంకను ఆరకముందే, గోదావరి కాలువగట్టుమీద తూర్పునకు వీపు పెట్టి నిలిచి, పడమటివైపు సాగిపడిన తన నీడను శ్రద్ధగా చూచిన వానికి ఒక విచిత్రము గోచరించును. దేహమంతయు మామూలు నీడయే. కాని శిరస్సు చుట్టు మాత్రము పచ్చని నారుపై ఒక తెల్లని కాంతిపరివేషము, దేవతామూర్తుల పటములలోని ప్రభామండలమువలె, అంటిపెట్టుకొని యుండును. మనము నడచిన నడచును, కూర్చున్న కూర్చుండును. నా పదియవ యేట దీనిని నాకు మొదట చూపినవారు మా పెదనాన్నగారు. "చూశావట్రా, నా తల చుట్టూ ఎలా వెలుగుతోందో! ఏ జన్మలోనో చేసుకున్న పుణ్యం" అని వారనిరి. నేను చూచితిని. ఆ వెలుగు వారి తల చుట్టు లేదు; నా తల చుట్టు నున్నది. ఆ మాట పైకి చెప్పుటకు నాకు ధైర్యము చాలలేదు. పదహారవ శతాబ్దమున ఇటలీదేశపు స్వర్ణకారుడును శిల్పియునైన బెన్వెనూటో చెల్లీనీ సైతము ఇట్టి వెలుగునే తన నీడపై చూచి, అది తనకొక్కనికే లభించిన దైవానుగ్రహమని ఆత్మకథలో వ్రాసికొనెను గనుక, మా పెదనాన్నగారికి ఈ విషయమున తోడు లేకపోలేదు.

కారణము గ్రహించుట కష్టము కాదు. సూర్యుడు వీపు వెనుక నున్నాడు. తల నీడ పడినచోటికి మన చూపు పోవు దారియు, సూర్యకిరణము పోవు దారియు ఒక్కటే. ఆ దారివెంట చూచినపుడు ప్రతి నారుమొక్క నీడయు దాని వెనుకనే పడి, దానిచేతనే కప్పబడి, మన కంటికి కానరాక పోవును. అదిగాక గుండ్రని మంచుబిందువు చిన్న కటకమై, వెలుగును ఆకుపై ఒకచోట కూర్చి, వచ్చిన త్రోవనే తిరిగి పంపును. చూపును ప్రక్కలకు మరల్చిన కొలదియు ఆకుల సందులలోని నీడలు బయటపడి చేను నలుపెక్కును. ఎవరి కన్నులు వారి తలలోనే యున్నవి గనుక ఎవరి ప్రభ వారికే కనబడును. ఆకాశమందు ఈ లెక్కకు పెద్ద సాక్షి పున్నమి చంద్రుడు. అష్టమినాటి చంద్రుడు సగము బింబము గలవాడు గదా, వాని వెలుగు పున్నమి వెలుగులో సగముండవలెనని తోచును. కొలిచి చూచిన సుమారు దశమాంశమునకు మించదు. అష్టమినాడు చంద్రునిమీది కొండలు, గుంతలు, ధూళిరేణువులు తమ నీడలను ప్రక్కలకు పరచుకొనును. పున్నమినాడు సూర్యుడు మన వెనుకనుండి వెలిగించుటచేత ఆ నీడలన్నియు తమతమ వస్తువుల చాటున దాగికొనును. అందుచేతనే పున్నమి చంద్రుడు బంతివలె గాక పళ్ళెమువలె అగపడును. ఈ పళ్ళెమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక, మరల పనికివచ్చును.

ఛాయాగ్రాహకులు రింగ్ ఫ్లాష్ అని పిలుచు పరికరము, ఆ గట్టుమీది సూర్యుని మన వీపు వెనుకనుండి తెచ్చి కెమెరా కంటి చుట్టు కడియమువలె తొడిగిన ఉపాయము. దీనికి పుట్టినిల్లు చిత్రశాల కాదు, దంతవైద్యశాల. 1952లో లెస్టర్ డైన్ అను అమెరికా దేశస్థుడు పండ్లను ఫోటో తీయుటకై దీనిని కల్పించెను. నోరు ఒక గుహ. దీపమును పైన పట్టిన పైపెదవి నీడయు, ప్రక్కన పట్టిన బుగ్గ నీడయు దవడపండ్లపై పడును. ఏ దిక్కున పట్టినను ఆ దిక్కున నొక కాపలావాడు నిలిచియే యుండును. గుహలోనికి చూచు కన్ను ఏ త్రోవను పోవునో ఆ త్రోవనే వెలుగును పోనిచ్చుట తప్ప గత్యంతరము లేదు. పిమ్మట 1962లో జపాను దేశపు నికాన్ సంస్థ వైద్యుల కొరకై లెన్సు ముఖముననే ఈ వలయమును బిగించిన మెడికల్ నిక్కోర్‌ను వెలువరించెను. లోపలి నిర్మాణము తక్కిన ఫ్లాష్ దీపములదే, అనగా 1930 ప్రాంతములలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు హెరాల్డ్ ఎడ్జర్టన్ వాడుకలోనికి తెచ్చిన మెరుపుదీపముల కుటుంబమునకు చెందినదే: గాజుగొట్టములో జీనాన్ వాయువు, కొన్ని వందల వోల్టులతో నిండిన కెపాసిటరు, వాయువును మేలుకొలుపుటకు కొన్ని వేల వోల్టుల చిన్న తాకుడు, ఆ తాకుడుతో సెకనులో వెయ్యవ వంతు పాటు ఒక పిడుగు. ఆ గొట్టమును వంచి వలయముగా చేయుటయే విశేషము.

మా చిన్ననాటి డెల్టా పట్టణములలో స్టూడియో యనిన ఒక చీకటిగది, గోడకు రాజసౌధమో సరస్సో చిత్రించిన తెర, తెరకెదురుగా రెండు పెద్ద బల్బులు. ఒకటి ముఖమునకు ఏటవాలుగా, ఇంకొకటి దానికన్న దూరముగా. ఒకనాడు నేను ఆ రెండవదానిని సాయము చేయునట్లు దగ్గరకు జరిపితిని. "అది ముట్టుకోకండి బాబూ! ఆ పక్క నీడుంటేనేనండి ముక్కు ముక్కులాగుండేది. ఆయ్, లేకపోతే అప్పడమేనండి" అని ఫోటోగ్రాఫరు గదిమెను. ముఖకవళికాశాస్త్రమునంతటిని ఆయన ఒక్క అప్పడములో ఇమిడ్చినాడు. ముక్కు యొక్క ఎత్తును మనము చూచుట లేదు. దాని నీడను చూచి ఎత్తును ఊహించుచున్నాము. అట్లయిన నీడయే కనబడని వెలుగులో మనిషి ముఖము అప్పడము కావలసినదే గదా? చంద్రుడు పళ్ళెమైనట్లు?

కాదు. ఇచ్చటనే ప్రకృతి ఒక చమత్కారము చూపినది. చంద్రుని నేల అతిసూక్ష్మమైన ధూళి. అంచుల నుండియు నడుమ నుండియు దాదాపు సమానముగా వెలుగును వెనుకకు తిప్పికొట్టును. మనిషి చర్మమో, దానితో పోల్చిన నున్ననిది. నున్ననిదానికి 1760లో యోహాన్ హైన్రిహ్ లాంబెర్టు కట్టిన సూత్రము వర్తించును: కిరణము తిన్నగా తాకినచోట వెలుగు నిండుగా నుండును, ఏటవాలు పెరిగినకొలది తరుగును, అరువది డిగ్రీల వాలుకడ సగమగును. రింగ్ ఫ్లాష్ వెలుగులో నుదురు, ముక్కుదూలము, చెక్కిలి నడుమ, గడ్డము మనకు తిన్నగా నుండుటచే వెలుగును. దవడ మలుపు, కణత, మెడ ప్రక్కలు మననుండి వంగిపోవుచు క్రమముగా మసకబారి, చిట్టచివర సన్నని నల్లని అంచుగా ముగియును. నీడ ఏ వైపునను పడదు, రూపరేఖ అన్ని వైపుల ఏర్పడును. వెలుగునకు దిక్కు లేదు, ఆకృతికి మాత్రము లోతు కలదు.

ఈ వర్ణన భారతీయ చిత్రకళ నెరిగినవారికి క్రొత్తగా తోచదు. విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము పత్రజము, ఐరికము, బిందుజము అని మూడు విధములైన వర్తనలను, అనగా ఛాయను దిద్దు పద్ధతులను చెప్పుచున్నది. ఆకు ఈనెలవంటి గీతలచేతనో, మెత్తని పూతచేతనో, చుక్కలచేతనో అవయవపు అంచులను ముదురుగా దిద్ది నడుమను తేటగా విడుచుటయే దానిలోని కిటుకు. అజంతా గోడలమీది ముఖములలో సూర్యుడు ఏ ప్రక్క నున్నాడని వెదకుట వ్యర్థము. ఏ ప్రక్కను లేడు. చూచువాని కన్నే దీపము. ఐరోపా చిత్రకారుడు కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి సగము ముఖమును చీకటిలో ముంచుచుండగా, మనవారు చీకటిని చుట్టును అంచుగా కుట్టిరి. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు పేరిట వెలసిన చిత్రశాలకు పోయిన వారికి ఈ రెండు మార్గములును ఒకే చేతిలో కలిసికొనుట తెలియవచ్చును: బొంబాయి జె.జె. కళాశాలలో పాశ్చాత్యశిక్షణ పొంది, 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకముందే మశూచికి బలియైన ఆ చిత్రకారుడు ఛాయనెరిగియు రేఖను విడువలేదు. ఇక నరసాపురమున 1933లో జన్మించిన బాపుగారి గీతను గురించి తెలుగువారికి వేరుగ చెప్పవలసినది లేదు. చెక్కిలి గుండ్రదనమంతయు ఆ యంచుగీత యొక్క లావు సన్నములలోనే యున్నది. రింగ్ ఫ్లాష్‌తో తీసిన మంచి ముఖచిత్రము నాకు ఫోటోవలె గాక బొమ్మవలె తోచుటకు కారణమిదియే యని నా అభిప్రాయము. 1970 తరువాతి దశకములో హెల్మట్ న్యూటన్ మొదలైన ఛాయాగ్రాహకులు దంతవైద్యుని దీపమును వేషభూషల పత్రికలలోనికి తెచ్చినపుడు వారు కోరినది ఈ కఠినమైన రేఖనే కాని, వ్యాపారప్రకటనలలో చెప్పబడు "నీడలేని మృదుకాంతి"ని కాదు. నీడ లేకపోలేదు. వస్తువు వెనుకకు పోయి నిలిచినది.

ఎంత వెనుకకు, ఎంత వెడల్పుగా అనునది గణితము. పదునెనిమిది సెంటీమీటర్ల వ్యాసార్ధము గల పెద్ద వలయమును మనిషికి ఒకటిన్నర మీటరు దూరమున నుంచి, మనిషి వెనుక ముప్పది సెంటీమీటర్లలోనే గోడ యున్నదనుకొందము. వలయపు ఎడమ కొస నుండి వచ్చిన వెలుగు తల కుడి యంచును రాసికొనిపోయి గోడమీద కుడివైపు నీడ వేయును. కుడి కొస వెలుగు ఎడమవైపు వేయును. లెక్కకట్టిన ఆ నీడ వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు దాటును. ఫలితముగా తల చుట్టు, భుజముల చుట్టు, బొగ్గుతో దిద్దినట్లు మెత్తని నల్లని పరివేషము గోడమీద నిలుచును. కాలువగట్టున తల నీడ చుట్టు వెలుగు. ఇచ్చట వెలుగుచున్న తల చుట్టు నీడ! ఇది కొందరికి ప్రాణము, కొందరికి రోత. రోత పడువారు మనిషిని గోడనుండి మూడు మీటర్లు ముందుకు జరుపవలెను. అపుడా నీడ ముప్పదియారు సెంటీమీటర్ల వరకు పలుచనై చెదరిపోవును. అంతేకాక గోడ దీపమునకు మనిషికన్న మూడురెట్లు దూరమగుటచే దానిపై పడు వెలుగు మనిషిపై పడుదానిలో తొమ్మిదవ వంతునకు దిగి, తెల్లగోడయే బూడిదరంగు తెరగా మారును.

ఇంతవరకు తెలిసిన నేను తొలిసారి చేసిన పని చెప్పిన నవ్వెదరు. భీమవరములో దంతవైద్యము చదివిన మా మేనల్లుని యొద్ద పండ్ల ఫోటోలకు వాడు చిన్న వలయము, పది సెంటీమీటర్ల వ్యాసము గలది, యుండెను. పెదనాన్నగారికి ఎనుబదవ యేడు వచ్చిన సందర్భమున వారి ముఖచిత్రము తీయనెంచి, దానిని అరువు తెచ్చి, సందెవేళ వీధి అరుగుమీద రెండు మీటర్ల దూరమున నిలిచి తీసితిని. ఆ దీపపు గైడ్ నంబరు, అనగా దాని బలమును తెలుపు అంకె, 14. దూరమగు రెండుతో భాగించిన అపర్చరు ఏడు. లెక్క తప్పలేదు, వెలుగు సరిపోయెను. కాని బొమ్మలో పెదనాన్నగారి కన్నులు రెండును నిప్పుకణికలు. "ఏంట్రా ఇది, నన్ను హిరణ్యకశిపుణ్ణి చేశావు?" అని వారు కళ్ళజోడు సవరించుకొని ప్రశ్నించిరి.

హిరణ్యకశిపుని చేసినది దూరము. పండ్లకు పదునైదు సెంటీమీటర్ల దూరమున వలయమైనది, రెండు మీటర్ల దూరమునకు పోవుసరికి దాదాపు చుక్క యయ్యెను. కెమెరా కన్నునకును దీపమునకును నడుమ కోణము ఒకటిన్నర డిగ్రీయైన లేదు. కంటిపాప నల్లగా నుండుటకు కారణము లోపల వెలుగు లేకపోవుట కాదు, లోనికి పోయిన వెలుగు పోయిన త్రోవనే మరలి వచ్చుటయు, ఆ త్రోవకడ్డముగా చూచువాని తలయే యుండుటయు. 1851లో హెర్మన్ హెల్మ్‌హోల్జు ఈ చిక్కును విప్పి, అద్దపుపలక సాయమున వెలుగును చూపును ఒక్క దారిని పోనిచ్చి, సజీవుడైన మనిషి కంటి వెనుకతెరను కనుగొను నేత్రదర్శినిని నిర్మించెను. నేను అరుగుమీద తెలియక నిర్మించినది అదియే. ఎరుపు ఆ తెర వెనుకనున్న రక్తనాళములది. సందెచీకటికి పాప విప్పారి యుండెను. అది ముడుచుకొనుటకు సెకనులో అయిదవ వంతైన కావలెను, మెరుపు వెయ్యవ వంతులో ముగిసినది. నేడు అలంకరణ చేయువారును, సెల్‌ఫోన్‌లలో తమ వీడియోలు తామే తీసికొనువారును వాడు ఎల్ఈడీ రింగులైట్లలో ఈ బాధ తక్కువ. నిరంతరము వెలుగుచుండుటచే పాప ముందే ముడుచుకొనును.

ఇచ్చట ప్రస్తావవశమున ఒక మాట. పసిబిడ్డల ఫోటోలో ఒక పాప ఎర్రగా వెలిగి రెండవది తెల్లగా మెరసిన ఆ ఫోటోను పక్కకు పెట్టరాదు. దీపము పడిన కోణమువలన నిష్కారణముగా అట్లు కనబడుటయు కలదు. కాని రెటినోబ్లాస్టోమా యను కంటి క్యాన్సరు, పుట్టుకతో వచ్చు శుక్లము మొదలైనవి తల్లిదండ్రులకు తొలుత తెలిసిన సందర్భములు పెక్కు ఇట్టి ఫోటోలవలననే. బిడ్డను కంటివైద్యునకు ఆలస్యము లేక చూపవలెను. ఏలూరు సమీపమున సోమవరప్పాడులో పుట్టి, జీవితమంతయు కెమెరా ప్రక్కనే గడపిన ఎల్.వి. ప్రసాద్‌గారి పేరు హైదరాబాదులో ఒక నేత్రవైద్యసంస్థకు ఉండుటయు, అచ్చట ఈ వ్యాధికి చికిత్స జరుగుచుండుటయు నాకు ఎల్లప్పుడును గుర్తుకు వచ్చును.

రెండవమారు పెద్ద వలయమును సంపాదించి, పగటివెలుగు గల సావడిలో ఒకటిన్నర మీటరు నుండి తీసితిని. కోణము ఏడు డిగ్రీలకు దగ్గరయ్యెను; ఎరుపు పోయెను. దానికి మారుగా కన్నులలో ఇంకొకటి వెలసెను. కంటి ముందుపొర ఏడు మిల్లీమీటర్లు దాటిన వ్యాసార్ధము గల కుంభాకారపు అద్దము. ముప్పదియారు సెంటీమీటర్ల వలయము దానిలో మిల్లీమీటరుకన్న చిన్నదియై, ఆవగింజలో సగమంత చిల్లుగారెవలె, సరిగా పాప నడుమ ప్రతిబింబించును. ఆ గారె చూచియే అనుభవజ్ఞుడు ఇది ఏ దీపమో చెప్పును. కళ్ళజోడు పెట్టుకొన్నవారికి మరి రెండు గారెలు అదనము. అద్దములను కొంచెము క్రిందికి వంచిన అవి తప్పుకొనును. పెండ్లికూతురిని తీసిన మరియు చిత్రము: మెడలోని ప్రతి బంగారు గుండును, ప్రతి ముత్యమును, తాళిప్రక్కని ఒక్కొక్క నల్లపూసయు ఒక్కొక్క అద్దమై, ఒక్కొక్క వలయమును మోసికొని కూర్చుండును. కోనసీమ వేసవి పెండ్లిండ్లలో చెమట పట్టిన నుదురును అట్లే. తడి లేక నూనె పట్టిన చర్మము తిన్నగా తాకిన వెలుగులో నూటికి సుమారు మూడు పాళ్ళు అద్దమువలె తిప్పికొట్టును. మూడే గదా యనరాదు, రింగ్ ఫ్లాష్‌కు అది తిన్నగా లెన్సులోనికే వచ్చును. ముఖమునకద్దు పొడి పెట్టె లేకుండ ఈ దీపమును ముహూర్తమునకు తీసికొనిపోరాదు. వలయము ముందు ఒక ధ్రువణపత్రమును, లెన్సు ముందు దానికి అడ్డముగా తిప్పిన మరొకదానిని ఉంచిన ఆ మెరుపు సమూలముగా నశించును గాని, దానితో ముఖములోని జీవకళయు కొంత పోవును. చర్మవైద్యులకు అది మేలు, పెండ్లికూతురికి కాదు.

ముడుతల సంగతి చెప్పవలసియున్నది. ముడుత యనగా ఒక సన్నని లోయ. దానిలోని నీడయే మనకు కనబడు గీత. రింగ్ ఫ్లాష్ ఆ నీడను లోయ అడుగుననే దాచివేయుటచే వయస్సు పదేండ్లు తగ్గును. కాబట్టియే సినిమా, సౌందర్యప్రకటనల వారికి దీనిపై అంత మక్కువ. కాని పెదనాన్నగారి రెండవ ఫోటో చూచినపుడు నాకు తృప్తి కలుగలేదు. అరువదేండ్లు చేలగట్లపై ఎండకు మాడిన ఆ నుదుటి గీతలు ఎక్కడికి పోయినవి? అంచులు చక్కగా దిద్దబడినవి, కన్నులు స్వచ్ఛముగా నున్నవి, మనిషి మాత్రము ఎవరో దూరపు బంధువు. దీపపు శక్తిని నాల్గవ వంతునకు తగ్గించి, ప్రక్కకిటికీ వెలుగును ప్రధానముగా నిలిపి, వలయమును కేవలము నీడలను పలుచన చేయుటకు వాడి మూడవది తీసితిని. గీతలు తిరిగి వచ్చినవి. మా యింట గోడకెక్కినది ఆ మూడవదియే.

అటుపై వచ్చిన సంక్రాంతికి, మంచు దట్టముగా కురిసిన యొక ఉదయమున, పెదనాన్నగారిని మెల్లగా నడిపించుకొని ఆ కాలువగట్టునకే పోయితిని. ఇరువురి నీడలును ప్రక్కప్రక్కన నారుమడిపై సాగిపడినవి. వారు యథాప్రకారము తమ తల చుట్టు ప్రభను చూచి సంతసించిరి. నేను కెమెరాను కంటికి దూరముగా, ఛాతీకడ పట్టుకొని మీట నొక్కి, వెనుక తెరపై బొమ్మ చూపితిని. ఇరువురి తలలును వట్టి నల్లని నీడలు. నా ఛాతీకడ, చేతిలోని కెమెరా నీడ చుట్టు మాత్రము తెల్లని మండలము జాజ్వల్యమానముగా నున్నది. వారు బొమ్మను చూచిరి, నారుమడిని చూచిరి, మరల బొమ్మను చూచిరి.

"అదేంట్రా, ఇప్పుడేగా నా తల చుట్టూ ఉంది! ఆ డబ్బా ఏం పుణ్యం చేసుకుందని?"